రాత్రి షిఫ్టులో కనిపించిన లోపం తెల్లవారే దాకా నా చెవిన పడలేదు: మాట్లాడుకునే జట్టును ఎలా తయారు చేసుకోవాలి?

ప్రశ్న: ఉప్పుటేరు

అందరికీ నమస్కారం. కోస్తా తీరంలోని ఒక రొయ్య పిల్లల హేచరీలో నేను 7 నెలలుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. అంతకు ముందు 9 సంవత్సరాలు ఇదే రంగంలో టెక్నీషియనుగా ఉన్నాను కనుక నీళ్ళ గురించి, మేత గురించి, పిల్ల గురించి నాకు కొంత తెలుసు. మనుషులను ఒక జట్టుగా నడపడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. మా దగ్గర 26 మంది ఉన్నారు. తల్లి రొయ్యలను చూసే విభాగం ఒకటి, లార్వాకు (గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు) మేతగా వేసే ఆల్గేను, అంటే కంటికి ఆనని సన్నటి నాచును, పెంచే విభాగం ఒకటి, లార్వా ట్యాంకుల విభాగం ఒకటి, వీటితో పాటు నీళ్ళలోకి గాలి పంపే బ్లోయర్లు, పంపులు, జనరేటరు చూసేవారు నలుగురు. వీరిలో సగానికి పైగా ఒడిశా నుంచి వచ్చినవారు, వారికి తెలుగు అర్థమవుతుంది కానీ ధారాళంగా మాట్లాడలేరు.

రెండు నెలల క్రితం ఒక రాత్రి జరిగినది చెబితే నా ఇబ్బంది ఏమిటో తెలుస్తుంది. 10 టన్నుల ట్యాంకులో వనామీ రకం రొయ్య లార్వా జోయా రెండో దశలో ఉంది. ఈ పని తెలియనివారి కోసం ఒక మాట: జోయా అనే తొలి ఎదుగుదల దశలో పిల్ల ఆల్గేను బాగా తింటూ ఉంటే దాని వెనుక సన్నని దారంలా విసర్జన వేలాడుతూ ఉంటుంది, బీకరులో నీళ్ళు ముంచి టార్చి వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తే అది మామూలు కంటికే కనిపిస్తుంది. దారాలు లేవంటే పిల్ల మేత తీసుకోవడం లేదని అర్థం, ఇక ఆలస్యం చేయడానికి వీలుండదు. ఆ రాత్రి ట్యాంకు దగ్గర ఉన్న కుర్రవాడు 1 గంటకు బీకరు తీసి చూశాడు, దారాలు లేవని గమనించాడు, 3 గంటలకు మళ్ళీ చూశాడు, అప్పుడూ లేవు. ఆ సంగతి అతను 6 గంటలకు షిఫ్టు మారేటప్పుడు చెప్పాడు. అప్పటికే పిల్ల అడుగుకు దిగిపోయింది. 10 లక్షలకు పైగా పిల్ల ఉన్న ఆ ట్యాంకును మేము కాపాడుకోలేకపోయాము.

విచారించగా ఇంకో సంగతి బయటపడింది. ఆ సాయంత్రం పంపిన ఆల్గే పలచగా ఉందని, దాని రంగు కూడా ఎప్పటిలా లేదని ఆల్గే విభాగంలో ఒకరికి ముందే తెలుసు. అంటే సగం విషయం ఒకరి దగ్గర, మిగతా సగం మరొకరి దగ్గర ఉన్నాయి, ఆ ఇద్దరి మధ్య దూరం 40 అడుగులకు మించదు. ఇద్దరూ పనిమంతులే, ఇద్దరూ నిజాయితీపరులే.

ప్రతి ఉదయం నేను అందరినీ కూర్చోబెట్టి సమావేశం పెడతాను. ఎవరూ నోరు విప్పరు. సమావేశం ముగిసిన 10 నిమిషాలకు టీ బంకు దగ్గర అదే మనుషులు నీళ్ళ గురించి, బ్లోయరు మోత గురించి, ఎవరి తప్పు ఎవరి మీద పడిందన్న దాని గురించి ఎంతో వివరంగా మాట్లాడుకుంటారు, నేను కనపడగానే మాట మారుస్తారు. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టి చూశాను, అందులో నేను ఏది రాసినా "ఓకే సార్" అన్న సమాధానమే వస్తుంది. లోపం తెలిసీ చెప్పనివారికి 500 రూపాయల జరిమానా వేయాలని మా యజమాని అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ దానికి బదులు ఏమి చేయాలో చెప్పగలిగే స్థితిలో కూడా నేను లేను. ఏ రంగంలో పనిచేసినవారైనా సరే, మీ అనుభవంలో మనుషులు సమయానికి నోరు విప్పి ఒకరికొకరు చెప్పుకునే జట్టు ఎలా తయారైందో దయచేసి రాయగలరు.

సమాధానం 1: పాతఇంజను

ఉప్పుటేరు గారికి నమస్కారం. నేను రైల్వేలో 34 సంవత్సరాలు పనిచేసి లోకో పైలటుగా, అంటే రైలు నడిపేవాడిగా, పదవీ విరమణ చేశాను. రొయ్యల గురించి నాకు తినడం తప్ప ఏమీ తెలియదు కానీ, రాత్రిపూట ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఉండి ఒకరికి తెలిసినది మరొకరికి తెలియకపోతే ఏమవుతుందో బాగా తెలుసు.

మా పనిలో సిగ్నలు కనిపించగానే లోకో పైలటూ, సహాయకుడూ దాని రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవాలి. ఆకుపచ్చ అయినా చెప్పాలి, రెండు పసుపులైనా చెప్పాలి, ఒక్క పసుపైనా, ఎరుపైనా చెప్పాలి. కొత్తగా చేరినప్పుడు నాకు ఇది చాదస్తంగా తోచింది, ఎదురుగా దీపం కనిపిస్తుండగా మళ్ళీ అరవడం ఎందుకని. దాని ప్రయోజనం నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. రాత్రంతా ఏ ప్రమాదమూ లేని మాటలు వంద సార్లు పలికిన నోటికి, ప్రమాదమున్న మాట పలకడానికి కొత్తగా ధైర్యం కూడగట్టుకోవలసిన అవసరం రాదు. మీ కుర్రవాడు 1 గంటకు మాట్లాడాలంటే, అప్పటిదాకా ఉన్న నిశ్శబ్దాన్ని అతనే మొదట భగ్నం చేయాలి, పైగా పడుకున్న పెద్దను లేపాలి. కొత్తవాడికి అది చాలా పెద్ద పని. అదే 11 గంటలకు "దారాలు ఉన్నాయి" అని, 12 గంటలకు "ఉన్నాయి" అని ఎవరితోనో పైకి చెప్పే కట్టుబాటు ఉండి ఉంటే, 1 గంటకు "లేవు" అన్న మాట దానంతట అదే వచ్చేది.

ఒక సంగతి దాచకుండా చెబుతాను. ఒకసారి తెల్లవారుజామున నేను ఒక్క పసుపును చూసి అలవాటు కొద్దీ "డబుల్ ఎల్లో" అన్నాను. పక్కనున్న సహాయకుడు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని పిల్లవాడు. "కాదు సార్, ఒకటే ఎల్లో" అన్నాడు. రెండింటికీ తేడా చిన్నది కాదు, ఒక్క పసుపు తరువాతి సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధపడమని చెబుతుంది. ఒక్క క్షణం నాకు కోపం వచ్చిన మాట నిజం. బ్రేకు వేసిన తరువాత అతనితో "బాగా చెప్పావు" అన్నాను, దిగాక రన్నింగు రూములో నలుగురి ముందు ఆ సంగతి నేనే చెప్పాను. ఆ తరువాత నాతో పనిచేయడానికి వచ్చిన కుర్రవాళ్ళలో ఒక్కరు కూడా నా తప్పు దిద్దడానికి జంకలేదు, ఎందుకంటే ఇలాంటి వార్త షెడ్డులో చాలా త్వరగా పాకుతుంది. నేను ఆ రోజు అతన్ని కసిరి ఉంటే అది ఇంకా త్వరగా పాకేది.

జరిమానా సంగతి: దయచేసి వేయకండి. 1 గంటకే చూశానని ఆ కుర్రవాడు మీకు తానే చెప్పాడు కనుకనే మీకు తెలిసింది. జరిమానా పెట్టాక వచ్చేవాడు 6 గంటలకు కూడా "ఇప్పుడే చూశాను సార్" అంటాడు.

సమాధానం 2: దూరదేశి

పాతఇంజను గారి మాటకు కొనసాగింపుగా రాస్తున్నాను. నేను అమెరికాలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేస్తున్నాను. మాకు శిక్షణలో తప్పకుండా చెప్పే ఉదంతాలలో 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్ దగ్గర జరిగిన ప్రమాదం ఒకటి. ల్యాండింగు గేరు సరిగా దిగిందో లేదో తేల్చుకోవడానికి కెప్టెను విమానాన్ని దాదాపు గంటసేపు గాలిలోనే తిప్పాడు, ఈలోగా ఇంధనం అయిపోయి విమానం ఊరి శివారులో కూలింది. విమానంలో ఉన్న 189 మందిలో 10 మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతున్న సంగతి పక్కనున్న ఇద్దరికీ తెలుసు, వారు ఆ మాట అన్నారు కూడా, కానీ కెప్టెను తలెత్తి వినేంత గట్టిగా అనలేదు. మరుసటి సంవత్సరం నాసా ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక సదస్సు పెట్టింది, ఆ తరువాత విమాన సిబ్బందికి కలిసి పనిచేయడంలో, పై అధికారికి అభ్యంతరం చెప్పడంలో శిక్షణ ఇవ్వడం మొదలైంది.

ఇందులో మన తెలుగువారు గమనించవలసినది మాట తీరు గురించి అని నా అభిప్రాయం. మనం పెద్దవారితో మాట్లాడేటప్పుడు విషయాన్ని మర్యాద కింద దాచేస్తాము. "సార్, ఒకసారి మూడో ట్యాంకు చూస్తారా" అని కుర్రవాడు అంటే, అతని మనసులో ఉన్నది "మూడో ట్యాంకు పోతోంది" అన్న మాట కావచ్చు. నిద్రలో ఉన్న టెక్నీషియను చెవికి మాత్రం అది తీరిక ఉంటే చేయదగిన పనిగానే వినిపిస్తుంది. "ఏదో కొంచెం తేడాగా ఉన్నట్టుంది" అన్న వాక్యంలో "ఏదో", "కొంచెం", "ఉన్నట్టుంది" అని మూడు తలుపులు వేసి విషయాన్ని లోపల పెట్టాము. ఇంట్లో ఇది సంస్కారమే, నేను కాదనను. పని దగ్గర మాత్రం మర్యాద పోకుండానే నేరుగా చెప్పగల వాక్యం ఒకటి మీరే తయారు చేసి అందరికీ ఇవ్వాలి. ఏ ట్యాంకు, ఏమి చూశాను, మీరు ఏమి చేయాలి అన్న మూడు ముక్కలూ అందులో ఉండాలి: "మూడో ట్యాంకులో దారాలు లేవు, మీరు ఇప్పుడే రావాలి సార్." ఇది మేనేజరు ఇచ్చిన వాక్యం కాబట్టి అన్నవాడికి పొగరు అన్న పేరు రాదు. మీ దగ్గర ఒడిశా వారు ఎక్కువ అన్నారు కనుక, ఆ వాక్యాన్ని ఒడియాలో కూడా నేర్పించి, టెక్నీషియన్లకే ఒడియాలో ఆ నాలుగు మాటలు అర్థమయ్యేలా చేస్తే ఇంకా మేలు. భాష నేర్చుకోవలసిన బాధ్యత ఎప్పుడూ కింది వాడి మీదే ఎందుకు ఉండాలి?

సమాధానం 3: థియేటర్‌సిస్టర్

నేను ఆపరేషన్ థియేటరులో 16 సంవత్సరాలుగా నర్సుగా ఉన్నాను. మా దగ్గర కోత కుట్టేయడానికి ముందు ఇద్దరు నర్సులు రక్తం అద్దే గాజ్ గుడ్డలను, సూదులను, పనిముట్లను కలిసి, పైకి వినిపించేలా లెక్కపెడతారు. లెక్క కలవకపోతే వెతకవలసిందే, సర్జను ఎంత పెద్దవారైనా, ఎంత తొందరలో ఉన్నా ఆగవలసిందే. "లెక్క కలవలేదు డాక్టర్ గారూ" అని చెప్పేటప్పుడు నాకు భయం వేయదు, ఎందుకంటే అది నా సొంత అభిప్రాయం కాదు, అంకె. మీ బీకరు పరీక్షను కూడా అలా అంకెగా మార్చవచ్చునేమో చూడండి. బీకరులో 10 పిల్లలను చూస్తే ఎన్నింటికి దారం ఉంది అన్నది రాయించండి. "బాగోలేదు" అనడానికి అనుభవం కావాలి, "10లో 2" అనడానికి కళ్ళుంటే చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం ఒక తనిఖీ పట్టికను విడుదల చేసింది. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని గది దాటించే ముందు ఒకసారి అందరూ ఆగి, పైకి మాట్లాడుకోవాలి. కోతకు ముందు గదిలో ఉన్నవారందరూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. రోజూ చూసుకునే మొహాలే కదా, పేర్లు చెప్పుకోవడం ఏమిటని మొదట్లో మా దగ్గర నవ్వుకున్నారు. కానీ ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పినవారు ఆ తరువాత గంటలో అవసరమైన మాట చెప్పడం నేను చాలాసార్లు చూశాను. 2009లో ప్రచురితమైన అధ్యయనంలో, న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో ఈ పద్ధతి మొదలయ్యాక శస్త్రచికిత్స మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

ఇక్కడితో ఆపితే మీకు సగమే చెప్పినట్టు అవుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రులలో ఇదే పట్టికను ప్రవేశపెట్టిన తరువాత చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. దానికి కారణాల మీద పెద్ద చర్చే జరిగింది, నాకు మాత్రం పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట ఆ కాగితాన్ని ఆపరేషను అయిపోయాక పక్క గదిలో కూర్చుని నేనొక్కదాన్నే నింపేదాన్ని, అన్ని గడులలోనూ టిక్కులు చక్కగా ఉండేవి. మీరు రేపు ట్యాంకు దగ్గర ఒక రిజిస్టరు పెడితే, 12, 1, 2, 3 గంటల అంకెలన్నీ తెల్లవారుజామున 5 గంటలకు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో రాసి ఉండడం మీరే చూస్తారు. కాగితం కంటే నోటితో చెప్పడం ముఖ్యం, అది కూడా వినే మనిషి ఎదురుగా ఉండాలి.

మీ ఉదయం సమావేశం ఆఫీసు గదిలో జరుగుతుందని అనుకుంటున్నాను. దాన్ని ట్యాంకుల దగ్గరికి మార్చండి, దిగిపోయే షిఫ్టూ ఎక్కే షిఫ్టూ ఇద్దరూ ఉన్నప్పుడే పెట్టండి, అందరికంటే చిన్న ఉద్యోగి మొదట మాట్లాడాలి, మీరు ఆఖరున మాట్లాడాలి. మీరు ముందు మాట్లాడితే మీ అభిప్రాయమే అందరి అభిప్రాయం అయిపోతుంది. అడిగే తీరు కూడా మార్చండి. "ఏమైనా సమస్య ఉందా" అని అడిగితే ప్రపంచంలో ఏ ఉద్యోగి అయినా "లేదు సార్" అనే అంటాడు. "ఈ రాత్రి నీకు ఏ ట్యాంకు మీద ఎక్కువ అనుమానం" అని అడిగితే ఏదో ఒక అంకె చెప్పక తప్పదు.

ఒక హెచ్చరిక. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డులలో మందుల పొరపాట్లను పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు తేలింది. వారు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు, దాచకుండా చెప్పడం వల్ల అని ఆమె వివరించారు. కాబట్టి మీరు ఈ మార్పులు చేసిన మొదటి నెలలో ఫిర్యాదులు, పొరపాట్లు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. మీ యజమానికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

సమాధానం 4: రెండోషిఫ్టు

పైన రాసినవారి అనుభవాలను గౌరవిస్తూనే ఒక మాట అంటాను. నేను వేరే హేచరీలో టెక్నీషియనుగా ఉన్నాను. ఉప్పుటేరు గారూ, మీరు రాయని మూడు సంగతులు అడుగుతున్నాను. రాత్రి షిఫ్టులో ఒక్కో మనిషి ఎన్ని ట్యాంకులు చూస్తున్నాడు? అతను ఎన్ని గంటలు పనిచేస్తున్నాడు? ఇన్సెంటివ్ ఎలా లెక్కిస్తున్నారు?

నేను చూసిన చోట 12 గంటల షిఫ్టు, ఒక మనిషికి 8 ట్యాంకులు. ఆ స్థితిలో ఉన్నవాడికి కొత్త వాక్యాలు నేర్పినంత మాత్రాన ఏమీ మారదు. ఇక ఇన్సెంటివ్ ట్యాంకుల వారీగా, విభాగాల వారీగా ఉంటే జట్టు అన్న మాటకే అర్థం ఉండదు. ఆల్గే విభాగం తన లెక్కలో ఇన్ని టన్నులు పంపామని చూపించుకోవాలి కనుక పలచటి ఆల్గేనైనా పంపుతుంది. లార్వా విభాగం తన ట్యాంకు పోతే ఆల్గే మీదకు నెడుతుంది. మీ ఇద్దరు కుర్రవాళ్ళ మధ్య 40 అడుగుల దూరం ఉందన్నారు, ఆ దూరాన్ని పెట్టినది జీతాల లెక్కే కావచ్చు.

ఇంకొకటి. రాత్రి 2 గంటలకు లేపినందుకు తిట్టు తిన్నవాడు మళ్ళీ లేపడు. చివరిసారిగా మీ టెక్నీషియనును అనవసరంగా నిద్ర లేపినవాడికి ఏమి జరిగిందో కనుక్కోండి, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఉప్పుటేరు (ప్రశ్న అడిగినవారు)

రెండోషిఫ్టు గారూ, మీ ప్రశ్నలు సూటిగా తగిలాయి. మా దగ్గర కూడా 12 గంటలే, ఒక్కో మనిషికి 6 ట్యాంకులు. ఇన్సెంటివ్ విభాగాల వారీగానే ఉంది. కనుక్కోమన్నారు కదా, కనుక్కున్నాను. అదే కుర్రవాడు దసరా ముందు ఒక రాత్రి బ్లోయరు శబ్దం మారిందని లేపాడట, చూస్తే ఏమీ లేదట, మరునాడు అందరూ కలిసి అతనికి "సైరన్" అని పేరు పెట్టారట. ఆ పేరు నేను కూడా సరదాగా రెండుసార్లు వాడాను. అది ఎందుకు వచ్చిందో అప్పుడు నాకు తెలియదు.

ఇన్సెంటివ్‌ను 26 మందికీ కలిపి ఒకటే చేయడం మంచిదంటారా?

సమాధానం 5: పుస్తకాలక్క

ఆ ఆఖరి ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. నేను మా ఊరి పొదుపు సంఘాలకు 11 సంవత్సరాలుగా పుస్తకాలు రాస్తున్నాను. మా సంఘాలలో 10 నుంచి 15 మంది మాత్రమే ఉంటారు, అంతకు మించి పెంచరు. అందరి డబ్బూ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు, ఎవరు వాయిదా కట్టారో ఎవరు కట్టలేదో ప్రతి మనిషికీ మొహం తెలిసి ఉండాలి. 26 మందికి ఒకే లెక్క అంటే ఎవరి పాలు ఎంతో కంటికి కనపడదు, పదిమందీ మోస్తున్నారులే అని పదకొండోవాడు చేయి తీసేస్తాడు. తాడు లాగే పోటీలో మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు వంద ఏళ్ళ క్రితమే కొలిచి చూపించాడని మాకు శిక్షణలో చెప్పారు, మేము మాత్రం దాన్ని ఊరి చెరువు పూడిక పనిలోనే చూశాము.

అందుకని విభాగాల వారీ లెక్కా వద్దు, అందరికీ కలిపి ఒకటే లెక్కా వద్దు. రాత్రి షిఫ్టులో ఉండే ఆల్గే మనిషి ఒకరు, ఆ ట్యాంకులు చూసే ఇద్దరు ముగ్గురు, బ్లోయరు దగ్గరి మనిషి ఒకరు, టెక్నీషియను, ఈ ఐదారుగురినీ ఒక సంఘంగా చేసి, ఆ ట్యాంకుల పిల్ల మీద వచ్చే లెక్కను వారికి ఉమ్మడిగా ఇవ్వండి. అప్పుడు ఆల్గే పలచగా ఉందన్న మాట పక్క విభాగం మీద చాడీ కాదు, తమ పెట్టె గురించిన మాట.

మా సంఘాలకు పంచసూత్రాలని ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు, సమయానికి తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. చెప్పుకోవడానికి ఐదు ఉన్నా నా లెక్కలో మొదటిదీ ఆఖరుదీ నిలబడితే మిగతావి వాటంతట అవే నిలబడతాయి. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టినప్పటి నుంచి, తాకట్టు లేకుండా అప్పు ఇవ్వడానికి బ్యాంకు చూసేది ఈ పుస్తకాలనే కదా. సమావేశంలో అందరూ గుండ్రంగా చాప మీద కూర్చుంటారు, నేను క్రితంసారి రాసినది, ఎవరు ఎంత కట్టారో, ఎవరు కట్టవలసి ఉందో, పైకి చదువుతాను. ఒకసారి ఊరి పెద్ద బంధువు ఒకామె మూడు వాయిదాలు కట్టలేదు. ఎవరూ ఆమె మొహం మీద అనలేరు, నేను కూడా అనలేను. కానీ అందరి పేర్లూ చదువుతూ ఆమె పేరూ చదివాను, అంకెతో సహా. నేను ఎవరినీ వేలెత్తి చూపలేదు, ఆమెకూ కోపం తెచ్చుకోవడానికి దారి లేకపోయింది. రెండో వారంలో కట్టేసింది. సిస్టర్ గారు అంకె గురించి రాసినది చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది.

అయితే మా దగ్గర అంతా బాగుందని రాస్తే అబద్ధం అవుతుంది. లీడర్లను మార్చాలని నియమం ఉన్నా, బ్యాంకులో సంతకాలు మార్చడం పెద్ద తలనొప్పి అన్న సాకుతో ఒకే ఇద్దరు ఏళ్ళ తరబడి కొనసాగుతున్న సంఘాలు నాకు తెలుసు. అక్కడ మిగతావారు చాప మీద కూర్చుంటారు కానీ మాట్లాడరు, తీర్మానం కింద సంతకం పెట్టి వెళ్ళిపోతారు. మాట్లాడడం ఎక్కడ ఆగిపోయిందో ఆ సంఘంలో రెండేళ్ళకు అప్పులు పేరుకుపోవడం కూడా చూశాను. కాబట్టి షిఫ్టు మారేటప్పుడు మాట్లాడించే బాధ్యతను ఎప్పుడూ టెక్నీషియనుకే ఇవ్వకండి, వారానికి ఒకరికి ఇవ్వండి. "సైరన్" అన్న కుర్రవాడికి మొదటి వారం ఇవ్వండి.

ఉప్పుటేరు (5 వారాల తరువాత)

సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఏమి జరిగిందో చెప్పడం నా బాధ్యత కనుక మళ్ళీ రాస్తున్నాను.

సమావేశాన్ని ట్యాంకుల మధ్యకు మార్చాను, షిఫ్టులు మారే సమయానికి పెట్టాను, నేను ఆఖరున మాట్లాడుతున్నాను. ఏ ట్యాంకు మీద ఎక్కువ అనుమానం అని నేను అడిగిన ప్రశ్నకు మొదటి వారం అందరూ తమకు అన్నింటికంటే దూరంగా ఉన్న ట్యాంకు అంకె చెప్పారు. రెండో వారంలో మెల్లగా సొంత ట్యాంకుల అంకెలు వచ్చాయి. 10 పిల్లల లెక్క బాగా పనికొచ్చింది, రాత్రి గంటగంటకూ ఆల్గే మనిషి వచ్చి ఆ అంకెను వింటున్నాడు, వినడానికి వచ్చినవాడు ఆ గంట ఆల్గే ఎలా ఉందో చెప్పి వెళుతున్నాడు. ఈ రెండో భాగం నేను పెట్టిన నియమం కాదు, వారే మొదలుపెట్టారు.

జరిమానా విషయంలో యజమాని పూర్తిగా వెనక్కి తగ్గలేదు, మూడు నెలలు ఆగి చూద్దామన్నారు. ఇన్సెంటివ్‌ను షిఫ్టు బృందాల వారీగా మార్చడానికి తల్లి రొయ్యల విభాగం ఒప్పుకోలేదు, వారి పని ఏ షిఫ్టు ట్యాంకుకూ నేరుగా చేరదు కనుక వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. వారిని విడిగా ఉంచి మిగతావారికి మార్చాము. రాత్రికి ఒక మనిషిని పెంచాము, దానితో ఒక్కొక్కరికి 4 ట్యాంకులు వస్తున్నాయి. 12 గంటల షిఫ్టు మాత్రం అలాగే ఉంది.

"సైరన్" అన్న పేరును నేను వాడడం మానేసి, వాడినందుకు అందరి ముందు అతనికి క్షమాపణ చెప్పాను. అతను బాగా ఇబ్బంది పడ్డాడు, రెండు రోజులు నాకు కనపడకుండా తిరిగాడు. ఈ పద్ధతి మొదలైన తరువాత రాత్రిపూట నన్ను గానీ, టెక్నీషియనును గానీ లేపినది 9 సార్లు, అందులో నిజంగా లేవవలసినవి 2. మొన్న రాత్రి 2 గంటలకు అతనే ఫోను చేసి, నేర్పిన వాక్యాన్ని ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు: ఐదో ట్యాంకులో 10కి 3, మీరు ఇప్పుడే రావాలి సార్. వెళ్ళి నా టార్చితో చూస్తే 10కి 9 ఉన్నాయి. అతని టార్చిలో బ్యాటరీ అయిపోవచ్చింది, ఆ మసక వెలుగులో సన్నటి దారాలు కనపడలేదు. పక్కన ఉన్నవారు నవ్వబోయి నా వైపు చూసి ఆగారు. మిగతా టార్చిలు కూడా తెప్పించి చూశాను, 5లో 3 అదే స్థితిలో ఉన్నాయి. తెల్లవారగానే ఆరు కొత్త టార్చిలు తెప్పించాను.